తుప్పు పరీక్ష

ఆస్పత్రి లిఫ్టు నాది. కాగితాల మీద ఆస్పత్రిదే. కానీ ఇరవై ఆరేళ్ళుగా దాని స్టూలు మీద కూర్చున్నది నేను. జాలీ తలుపు లాగేది నేను, పిడి తిప్పేది నేను. ఎవరు ఎక్కాలో ఎవరు ఎక్కకూడదో చెప్పేదీ నేనే. అందుకని నాకు గొళ్ళెం అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. అంతకంటే చెడ్డ పేర్లు విన్నాను.

లిఫ్టులో ఒక చిన్న ఫ్యాను ఉంది. స్విచ్ నా తల వెనక. సూపరింటెండెంటు ఎక్కితే వేస్తాను. మిగతావాళ్ళకి వెయ్యను. ఆరు అంతస్తుల ప్రయాణానికి గాలి దేనికి?

ఎక్కకూడనివాళ్ళలో మొదటివాళ్ళు లాండ్రీ ఆడవాళ్ళు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు. మూడేళ్ళ కిందట నేనే పెట్టాను. "లిఫ్టు రోగులకీ సిబ్బందికీ. మీరు కాంట్రాక్టు," అన్నాను. ఒక్కరూ బతిమాలలేదు. తడి చేతులు తుడుచుకుని మెట్లవైపు తిరిగారు. కొండవాళ్ళకి ఆ పొగరు ఉంది.

మా ఊళ్ళో రెండు జాతుల జనం. కొండవాళ్ళు, రేవువాళ్ళు. ముక్కు వేరు, ఎముక వేరు, తాతల నాటి భాష వేరు. ఇప్పుడు అందరూ ఒకే మాట మాట్లాడుతూ ఒకే బస్సులో తోసుకుంటారు. ఆస్పత్రిలో మాత్రం లాండ్రీ అంతా కొండవాళ్ళు, వంటగది అంతా రేవువాళ్ళు. ఒకామె పనిలో చేరితే చెల్లెల్ని తెస్తుంది. చెల్లెలు తోడికోడల్ని తెస్తుంది. అలా నిండిపోయింది. నేను రేవువాణ్ణి. నా కొడుకు కొండ పిల్లని చేసుకున్నాడు. దాన్ని క్షమించాను. పిల్ల మంచిది. పిల్ల తల్లిని క్షమించలేదు.

ఆ తల్లి, అంటే నా వియ్యపురాలు, లాండ్రీకి పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా సెల్లార్లో బాయిలర్ పక్కన పని. లాండ్రీ వెనక ఉండే గది కూడా ఆ ఉద్యోగంతో వచ్చిందే. మూడేళ్ళ కిందట నా భార్య పోయిన రోజు ఆవిడ వచ్చింది. నలభై మంది ఉన్నారు. అందరి ముందూ నా భార్య నుదుటి మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికింది తల్లీ నీకు, ఆ నోటి నుంచి," అంది. ఏ నోరు అని ఎవరూ అడగలేదు. నలభై మందీ నా వైపు చూశారు.

ఆ తర్వాతి వారమే నియమం పెట్టాను. ఆవిణ్ణి ఒక్కదాన్నే ఆపితే పగ అంటారు. లాండ్రీ మొత్తాన్ని ఆపితే నియమం అంటారు.

ఇదంతా నాకూ ఆవిడకీ మధ్యే ఉండిపోయేది. రక్తందాకా వెళ్ళేది కాదు. కానీ ఆరో అంతస్తుకి ఒక డాక్టరమ్మ వచ్చింది. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకొకటి. ఆవిడకి నెలసరి ఆగిపోతున్న వయసు ఆడవాళ్ళ రక్తం కావాలి. సగం కొండవాళ్ళది, సగం రేవువాళ్ళది. లాండ్రీలో ఇరవై మంది దొరికారు, వంటగదిలో ఇరవై మంది. ప్రతి మంగళవారం పొద్దున, పరగడుపున, కొంతమంది చొప్పున పైకి రావాలి.

రక్తం తీసే నర్సు లిఫ్టులో నాకు విడమరిచి చెప్పింది.

"ఆక్సిజన్ పీల్చే కదా బతుకుతాం పెద్దాయనా. అదే మనల్ని లోపల కొంచెం కొంచెం తింటుంది కూడా. ఇనప గేటుని తిన్నట్టు. ఒళ్ళు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉంటుంది. ఈ వయసులో ఆ సర్దుబాటు తగ్గుతుందా, ఒక జాతిలో ఎక్కువ తగ్గుతుందా అని డాక్టరుగారు చూస్తున్నారు."

"అంటే తుప్పు."

"దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు."

"తుప్పే," అన్నాను.

మధ్యాహ్నానికి ఆస్పత్రి అంతా తుప్పు పరీక్ష అనడం మొదలుపెట్టింది.

వంటగదివాళ్ళు ట్రాలీతో తిరుగుతారు కాబట్టి లిఫ్టు వాళ్ళ హక్కు. నాలుగు నెలలు వాళ్ళ మాటలు విన్నాను. ఒద్దన్నా చెవిలో పడేవి.

"నిన్న మళ్ళీ వచ్చిందే ఆ ఆవిరి. మంచం కింద పొయ్యి పెట్టినట్టు."

"నేను ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టా. మా ఆయన లేచొచ్చి, ఏం వెతుకుతున్నావే అన్నాడు. నువ్వు లేని చోటు అన్నాను."

"నాకు ఏడుపొస్తే ఎందుకో తెలీదక్కా. కోపమొస్తే మాత్రం బాగా తెలుస్తుంది."

వాళ్ళ పెద్దని అందరూ పెద్దగరిట అంటారు. మనిషీ అలాగే ఉంటుంది, మాటా అలాగే తగులుతుంది. "గొళ్ళెం అన్నయ్యా, ఆ ఫ్యాను వేస్తే నీ సొమ్మేం పోయింది?" అనేది.

"పాడైంది," అనేవాణ్ణి.

"నిన్న సూపరింటెండెంటుకి తిరిగిందిగా?"

"అప్పుడే పాడైంది."

నా భార్య కూడా ఆ వయసులో రాత్రిళ్ళు లేచి కిటికీ తీసేది. నేను లేచి మూసేవాణ్ణి. చలికాలంలో కిటికీ ఎవరు తీస్తారు? ఆవిడ ఏమీ అనేది కాదు. కాసేపయ్యాక మళ్ళీ తీసేది. ఈ సంగతి ఇక్కడెందుకు వచ్చిందో తెలియదు. రాశాను కాబట్టి ఉంచుతున్నాను.

లాండ్రీవాళ్ళు మెట్ల మీంచే వెళ్ళేవాళ్ళు. మిషను ఒక విడత ఉతకడానికి నలభై నిమిషాలు. దుప్పట్లు వేసి, మూత బిగించి, పైకి పరుగు. సెల్లారు నుంచి ఆరో అంతస్తుకి నూట యాభై నాలుగు మెట్లు. రక్తం ఇచ్చి మళ్ళీ కిందికి పరుగు. మెట్లు లిఫ్టు చుట్టూ తిరుగుతాయి కాబట్టి జాలీలోంచి వాళ్ళ కాళ్ళు కనబడేవి. ఒక మంగళవారం నా వియ్యపురాలు లిఫ్టుకంటే ముందు ఆరో అంతస్తు చేరింది. నేను తలుపు లాగేసరికి ఎదురుగా నిలబడి ఉంది, చెమటలు కారుతూ. ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేది.

నాలుగు నెలలయ్యాక కింది వరండాలో ఒక పెద్ద కాగితం అంటించారు. ఊళ్ళో బడిలో ఏడో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. కొండజాతి స్త్రీలలో ఆక్సీకరణ ఒత్తిడి రేవుజాతి స్త్రీల కంటే దాదాపు రెట్టింపు అని ఉంది. పక్కన రెండు గీతలు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

వంటగదికి నేల మీద కాలు ఆనలేదు.

"మాది తోమిన గిన్నె లాంటి రక్తం," అంది పెద్దగరిట వరండాలో, లాండ్రీవాళ్ళకి వినబడేలా. "కొందరికి పుట్టుకతోనే తుప్పు. ఏం చేస్తాం."

"తోమిన గిన్నె కాబట్టే లోపలేం లేదు," అంది నా వియ్యపురాలు. దుప్పట్ల మూట భుజాన వేసుకుని నడక ఆపకుండానే అంది.

అక్కడితో ఆగితే మాటల పోరు అనుకునేవాణ్ణి. సూపరింటెండెంటు మంచివాడు. మంచివాడికి బుర్ర లేకపోతే వచ్చే నష్టం చెడ్డవాడి వల్ల రాదు. ఆయన ఆ కాగితం చదివి కంగారుపడ్డాడు. లాండ్రీ ఆడవాళ్ళని పిలిపించి ఉత్తర్వు చదివాడు. కొండజాతికి చెందిన, యాభై దాటిన స్త్రీలను వారి ఆరోగ్యం దృష్ట్యా వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బాయిలర్ వేడి పని నుంచి విముక్తులను చేయడమైనది.

"విముక్తులంటే ఏంటి బాబూ?" అని నా వియ్యపురాలు అడిగింది.

"మీరు విశ్రాంతి తీసుకోవచ్చమ్మా."

"ఎక్కడ?"

"ఇంట్లో."

"నా ఇల్లు లాండ్రీ వెనక గదే కదా బాబూ. అందులో విశ్రాంతి తీసుకోనా?"

ఆయన కాగితం తిరగేసి చూశాడు. వెనకేమీ రాసి లేదు. "అది... ఉద్యోగంతో పాటు ఖాళీ చెయ్యాల్సి ఉంటుందమ్మా. అంతా మీ మంచికే."

ఏడుగురికి ఆ మంచి జరగబోతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. సంతోషించలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? మధ్యాహ్నం దాకా సంతోషించాను.

మధ్యాహ్నం నర్సు లిఫ్టు ఎక్కింది. మొహం బాలేదు.

"పాపం పెద్దాయనా. ఎంత వెతికినా కారణం దొరకలేదు. తిండి అడిగాం, నిద్ర అడిగాం, పొగ అడిగాం. తొంభై నాలుగు ప్రశ్నలు. అన్నింట్లో ఇద్దరూ ఒకటే. ఇంక మిగిలింది జాతి ఒక్కటే."

"ఎవరైనా పరుగెత్తుకొచ్చి రక్తం ఇస్తే?" అని ఊరికే అడిగాను. ఊరికే కాదు. నూట యాభై నాలుగు అనే అంకె పొద్దుటి నుంచి తలలో తిరుగుతోంది.

"అయ్యో, అలా ఇస్తే తప్పక పెరుగుతుంది. ఒగర్చే ఒంట్లో ఆ తుప్పు... మీరు నాకూ అలవాటు చేశారు. అందుకే కదా అరవై ఒకటో ప్రశ్న పెట్టింది. ఈ ఉదయం వ్యాయామం చేశారా అని. కొండవాళ్ళు ఇరవై మందీ లేదన్నారు. వ్యాయామానికి మాకెక్కడ తీరికమ్మా అని నవ్వారు కూడా."

"వచ్చాక కాసేపు కూర్చోబెట్టరా?"

"అరగంట కూర్చోబెట్టాలి. వంటగదివాళ్ళు హాయిగా కూర్చుంటారు. లాండ్రీవాళ్ళు కూర్చుంటేగా! మిషను ఆగిపోతుంది, తొందరగా తియ్యమ్మా అని చెయ్యి చాపి నిలబడతారు. వాళ్ళ ఒళ్ళే అంత పెద్దాయనా. గదిలోకి వస్తూనే ఆయాసం, ఎర్రటి మొహం, చెమట. అది కూడా రాసుకున్నాం. కొండజాతిలో ఆయాసం ఎక్కువ అని."

ఆరో అంతస్తు వచ్చింది. తలుపు లాగాను. ఆ నర్సు ఈ ఆస్పత్రిలో చేరి రెండేళ్ళు. ఒక్కసారి కూడా మెట్లెక్కినట్టు నాకు గుర్తు లేదు.

అంటే తుప్పు వాళ్ళ రక్తంలో లేదు. నా తలుపులో ఉంది.

అయినా చెప్పలేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. చెబితే ఏమవుతుంది? నియమం ఎవరిదని అడుగుతారు. ఎందుకని అడుగుతారు. నలభై మంది ముందు అన్న మాట ఇంకో నాలుగు వందల మందికి తెలుస్తుంది. ఆవిడ గెలుస్తుంది. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు రాదని ఆవిడే కదా అంది.

మూడో రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నా కోడలు నా పక్క గదిలో టేపు పట్టుకుని కొలతలు తీస్తోంది.

"మామయ్యా, ఆ పాత రేడియోలు అటకెక్కిస్తే అమ్మ మంచం సరిపోతుంది."

"ఏ అమ్మ?"

"నాకెంతమంది ఉన్నారు మామయ్యా?"

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. "ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేంటి? ఉద్యోగం పోయింది, గది పోయింది. ఇంకెక్కడికెళ్తుంది? ఒకటో తారీకు పొద్దున్నే వచ్చేస్తానంది."

"మధ్యలో గోడ లేదు. చెక్కే."

"అదే మంచిది. మాటలు వినబడతాయి. మీకూ తోడు, తనకీ తోడు." అంటూ టేపు చుట్టేసింది. "తను పొద్దున నాలుగింటికే లేస్తుంది. మీరేం అనుకోకండి. లేవగానే పాడుతుంది."

కోడలు వెళ్ళాక నేను కూడా కొలిచాను. జానతో. నా దిండుకీ ఆవిడ దిండుకీ మధ్య రెండు జానలు, ఒక చెక్క.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లిఫ్టు ఆరో అంతస్తులో ఆపి, తలుపుకి గొలుసు వేసి, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.

"మీ లెక్క తప్పు," అన్నాను.

"ఏ లెక్క?"

"రక్తంది. కొండవాళ్ళు మెట్లెక్కి వస్తారు. రేవువాళ్ళు లిఫ్టులో వస్తారు."

ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు తీసింది. నెత్తి మీది కళ్ళజోడు దించింది. "ఎప్పుడైనానా, ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. పరుగెత్తుతూ."

"ఆరు అంతస్తులూ?"

"ఏడు. సెల్లారు నుంచి."

"లిఫ్టు ఉంది కదా! ఎందుకెక్కరు?"

"ఎక్కకూడదని నియమం."

"ఎవరు పెట్టారు?"

గోడ గడియారం కేసి చూశాను. ఎనిమిదీ ఐదు. కింద ఎవరో లిఫ్టు గంట కొడుతున్నారు. "నేను," అన్నాను.

"ఎందుకు?"

"వియ్యపురాలు."

ఆవిడ తన ప్రశ్నల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది. "తొంభై నాలుగు ప్రశ్నలు రాశాను. ఆరు నెలలు కూర్చుని రాశాను," అంది నీరసంగా. "వియ్యపురాళ్ళ గురించి ఒక్కటి లేదు."

నా మాట నమ్మి వదిలెయ్యలేదు. అందుకు ఆవిడంటే కొంచెం గౌరవం కలిగింది. వచ్చే మంగళవారం తిరగేసి చూస్తానంది. లాండ్రీవాళ్ళు లిఫ్టులో వచ్చి అరగంట కూర్చోవాలి. వంటగదివాళ్ళు మెట్ల మీద పరుగెత్తుకొచ్చి వెంటనే చెయ్యి చాపాలి. ఆ అరగంటా మిషన్ల దగ్గర సూపరింటెండెంటే నిలబడాలని కూడా పట్టుబట్టింది.

ఆ మంగళవారాన్ని ఆస్పత్రి ఇంకా చెప్పుకుంటోంది. వంటగది ఇరవై మందీ సెల్లార్లో మెట్ల దగ్గర నిలబడ్డారు. పెద్దగరిట నా వైపు వేలు చూపించింది. "ఒరే గొళ్ళెం, ఇది నీ పనేనట కదా. నేను పైకి చేరకపోతే నీ మీదే పడతా." అన్నయ్యా అనడం అప్పుడే మానేసింది.

నేను లాండ్రీవాళ్ళని ఎక్కించాను. మూడు విడతలు. గోడలకి తగలకుండా మధ్యలో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు, అంటుకుంటే మరక వదలదన్నట్టు. నా వియ్యపురాలు మూడో విడతలో ఎక్కింది. అప్పుడే వంటగదివాళ్ళు మెట్ల మీద పరుగు మొదలుపెట్టారు. నాకు వీపు పెట్టి నిలబడింది. జాలీలోంచి పక్కన వంటగది కాళ్ళు కనబడుతున్నాయి. మొదటి అంతస్తులో ఇరవై జతలు. మూడో అంతస్తులో పదకొండు. నాలుగో అంతస్తు మలుపులో పెద్దగరిట మెట్టు మీద కూలబడి ఉంది.

"నా రక్తం కావాలంటే ఆ డాక్టర్నే ఇక్కడికి రమ్మనండి!" అని అరుస్తోంది.

లిఫ్టు ఆమె పక్కనుంచి మెల్లగా పైకి వెళ్ళింది. అప్పుడు నా వియ్యపురాలు జాలీకి మొహం ఆనించి కిందికి చూస్తూ, "గిన్నె బాగా తోముతున్నారా వదినా?" అంది.

లిఫ్టు ఊగేంతగా నవ్వారు లాండ్రీవాళ్ళు. నేను నవ్వలేదు. పిడి పట్టుకుని ఉన్నాను.

పెద్దగరిటని చివరికి ఇద్దరు మోసుకొచ్చారు. కింద సూపరింటెండెంటు కాపలా కాసిన విడతలో తెల్ల దుప్పట్లన్నీ గులాబీ రంగులో బయటికొచ్చాయి. ఎర్ర కర్టెను ఎవరు వేశారో ఆయన చెప్పలేదు. ఆపరేషన్ గదిలో వారం రోజులు అవే పరిచారు.

లెక్క వచ్చింది. పొట్టి గీత పొడుగైంది, పొడుగు గీత పొట్టిదైంది. ఆ తర్వాతి మంగళవారం అందరినీ లిఫ్టులో తెచ్చి అందరినీ అరగంట కూర్చోబెట్టారు. అప్పుడు రెండు గీతలూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నర్సుకే తెలియలేదు.

"జాతికీ జాతికీ తేడా ఎక్కడా ఉండదని నేననను," అంది డాక్టరమ్మ వరండాలో కాగితం చింపుతూ. "ఉందో లేదో ఇంకా వెతకాలి. కానీ నేను కొలిచింది మాత్రం జాతిని కాదు. లిఫ్టుని."

సూపరింటెండెంటు ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. కొత్త ఉత్తర్వు వేశాడు. లిఫ్టు ఇకనుంచి అందరికీ. ఆ మాట నేనే నా చేత్తో రాసి లిఫ్టు తలుపు మీద అంటించాలని నాకు శిక్ష. రాశాను. లిఫ్టు అనే మాట పెద్దగా రాసి, అందరికీ అనే మాట వీలైనంత చిన్నగా రాశాను. కోడలు టేపు లోపల పెట్టేసింది. నా రేడియోలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒకటో తేదీ పొద్దున సెల్లార్లో గంట మోగింది. వెళ్ళి తలుపు లాగాను. నా వియ్యపురాలు. ఒక్కతే. చంకలో దిండు గలేబుల బుట్ట.

ఎక్కింది. ఈసారి వీపు పెట్టలేదు.

"ఏ అంతస్తు?" అన్నాను. మూడేళ్ళ తర్వాత ఆవిడతో నా మొదటి మాట.

"ఆరు." పిడి తిప్పాను. ఒక అంతస్తు గడిచాక, "మీరే చెప్పారట కదా అన్నయ్యగారూ," అంది. అన్నయ్యగారూ అనడంలో కొంచెం ఉప్పు ఉంది.

"అవును."

"పెట్టిందీ మీరే, చెప్పిందీ మీరే. ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే మీరు మా ఇంటికి వచ్చేవారు వదినగారూ."

రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా నవ్వింది. బుట్ట కింద పెట్టి మరీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "ఆ మహాతల్లి మీతో ముప్పై ఏళ్ళు ఎలా వేగిందో," అంది.

మళ్ళీ అదే మాట. నలభై మంది లేరు, అంతే తేడా. క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. జవాబు కూడా సిద్ధం చేసుకుని తల తిప్పాను.

నవ్వు ఆగిపోయింది ఆవిడకి. మెడ మీంచి మొహం మీదికి ఎరుపు పాకుతోంది. నుదుటి మీద చెమట పోసింది. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు ఈవేళ. కళ్ళు మూసుకుని, ఒక చేత్తో జాలీ పట్టుకుని, గలేబు తీసి మొహానికి విసురుకుంటోంది. ఏమీ అనడం లేదు. నా భార్య కూడా ఏమీ అనేది కాదు.

స్విచ్ నా తల వెనకే ఉంది. వేశాను.

కరెంటు ఆస్పత్రిది. నా సొమ్మేం పోయింది?